ఇంటి నాస్‌లో ఫైలు చెరిగిపోయిన మొదటి గంట

(ఇళ్లలో కంప్యూటర్లు వాడేవారి సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం. సభికులు అడిగిన ప్రశ్నలలో మూడింటిని చివర చేర్చాం.)

సభకు నమస్కారం.

విండోస్ కంప్యూటర్‌లో డెస్క్‌టాప్ మీది ఫోటోను డిలీట్ చేస్తే అది రీసైకిల్ బిన్‌లోకి వెళ్తుందని మనందరికీ తెలుసు. అదే ఫోటో ఇంట్లో రౌటర్ పక్కన పెట్టుకున్న నాస్ పెట్టెలో (ఇంట్లోని యంత్రాలన్నీ నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టెలో) ఉన్నప్పుడు, అదే కంప్యూటర్ నుంచి అదే మీట నొక్కి తొలగిస్తే మాత్రం విండోస్ దాన్ని తన రీసైకిల్ బిన్‌లో పెట్టదు. శాశ్వతంగా తొలగించమంటారా అని ఒక ప్రశ్న వేసి, అవునంటే ఆ మాట నాస్‌కు చేరవేసి ఊరుకుంటుంది. మ్యాక్ కంప్యూటర్‌లోనూ సాధారణంగా ఇదే జరుగుతుంది. ఆ ప్రశ్నను నిజంగా చదివి జవాబిచ్చేవారు తక్కువ. పదే పదే కనబడే హెచ్చరికను ఎవరూ చదవరు, అందులో వాళ్లను తప్పు పట్టడానికీ లేదు.

ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ ‘అవును’ నొక్కిన తర్వాతి సంగతి. నాస్‌లో పొరపాటున చెరిగిన ఫైలు తిరిగి వస్తుందా రాదా అన్న విషయంలో మనం కొనే రికవరీ సాఫ్ట్‌వేర్ పాత్ర చాలా చిన్నదని నా అభిప్రాయం. చెరగక ముందు ఆ పెట్టెలో ఏయే సెట్టింగులు ఆన్ చేసి ఉన్నాయి, చెరిగిన తర్వాతి గంటలో ఆ డిస్కుల మీద ఇంకేమేమి రాతలు పడ్డాయి అన్న రెండు విషయాల మీదనే దాదాపు అంతా ఆధారపడి ఉంటుంది. అందుకే నేను సాఫ్ట్‌వేర్ పేర్ల జాబితా చదవకుండా, ఆ గంటలో పెట్టె లోపల ఏం జరుగుతుందో, మనం ఏ వరుసలో వెతకాలో చెబుతాను.

సినాలజీ, క్యూనాప్ వంటి తైవాన్ కంపెనీల పెట్టెలైనా, మరొకటైనా, ఇళ్లలో వాడే నాస్ అంటే లినక్స్ మీద నడిచే ఒక చిన్న కంప్యూటరే. అందులో రెండో నాలుగో హార్డ్ డిస్కులు ఉంటాయి. ఆ డిస్కులను కలిపి ఒకటిగా చూపించే రెయిడ్ పొర ఒకటి, దాని మీద స్థలాన్ని పంచే పొర ఒకటి, అన్నిటికంటే పైన ఫైళ్ల పేర్లూ చోట్లూ గుర్తుంచుకునే ఫైల్ సిస్టమ్ ఒకటి ఉంటాయి. ఇంటి నాస్‌లలో ఆ ఫైల్ సిస్టమ్ సాధారణంగా ఈఎక్స్‌టీ4 గానీ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గానీ అయి ఉంటుంది. వీటన్నిటినీ విండోస్‌కు ఒక మామూలు ఫోల్డర్‌లా చూపించేది సాంబా అనే ప్రోగ్రాం. ఆండ్రూ ట్రిడ్జెల్ ఆస్ట్రేలియాలో 1992 ప్రాంతంలో మొదలుపెట్టిన ఆ ప్రోగ్రాం ఈనాటికీ అనేక ఇంటి నాస్‌లకు ఆయువుపట్టు. పొరల సంగతి ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, ఫైలును వెతికేటప్పుడు మనం పై పొర నుంచి కింది పొరకు దిగుతూ పోతాం. ఒక్కో పొర దిగిన కొద్దీ దొరికేది తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది.

ముందుగా ఒక భ్రమ తొలగించాలి. రెండు డిస్కులు పెట్టి ఒకదానికి ఒకటి నకలుగా నడుపుతున్నాం కాబట్టి ఒకదాంట్లో పోయినా రెండోదాంట్లో ఉంటుందని చాలామంది నమ్ముతారు. 1988లో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు రెయిడ్ గురించి రాసిన పత్రం డిస్క్ చెడిపోయినా పని ఆగకుండా చూడటం గురించి రాసినది. మనిషి చేతి పొరపాటు గురించి ఆ ఏర్పాటుకు ఏమీ తెలియదు. మీరు ఫైలు తొలగించమని చెప్పిన క్షణంలోనే రెండు డిస్కుల మీదా ఆ తొలగింపు ఒకేలా, ఎంతో విధేయంగా జరిగిపోతుంది. రెండో డిస్క్‌ను బయటికి లాగి చూస్తే అందులోనూ అదే ఖాళీ కనబడుతుంది. పైగా అలా లాగినందుకు నాస్ దాన్ని చెడిపోయిన డిస్క్‌గా భావిస్తుంది. తిరిగి పెట్టినప్పుడు మొదటి డిస్క్ నుంచి దాని మీదికి మొత్తం తిరగరాసే పని మొదలుపెట్టవచ్చు కూడా.

ఇక వెతకడం మొదలుపెడదాం. మొట్టమొదట చూడవలసింది నాస్ సొంత రీసైకిల్ బిన్. సాంబాలో ఇందుకోసమే ఒక చిన్న భాగం ఉంది. అది ఆన్ అయి ఉంటే తొలగించమన్న ఫైలును తొలగించకుండా, అదే షేర్డ్ ఫోల్డర్‌లో దాచిన మరో ఫోల్డర్‌లోకి పేరు మార్చి జరుపుతుంది. సినాలజీలో ఆ ఫోల్డర్ పేరు హ్యాష్ గుర్తుతోనూ, క్యూనాప్‌లో ఎట్ గుర్తుతోనూ మొదలై, తర్వాత రీసైకిల్ అని ఉంటుంది. ఇక్కడ మూడు మెలికలు ఉన్నాయి. ఈ సదుపాయం పెట్టె మొత్తానికి ఒకేసారి వర్తించకపోవచ్చు. సినాలజీలో ఒక్కో షేర్డ్ ఫోల్డర్‌కూ విడివిడిగా ఆన్ చేయాలి, కాబట్టి ఫోటోల ఫోల్డర్‌కు ఉండి వీడియోల ఫోల్డర్‌కు లేకపోవచ్చు. రెండోది, ఈ బిన్‌ను అడ్మినిస్ట్రేటర్‌కు మాత్రమే కనబడేలా పరిమితం చేసే వీలుంది; ఇంట్లో మామూలు యూజర్‌గా లాగిన్ అయినవారికి ఆ ఫోల్డర్ కనబడకపోతే అది లేదని అనుకోవడం తప్పు, అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో లోపలికి వెళ్లి చూడాలి. మూడోది, బిన్‌ను ఇన్ని రోజులకోసారి ఖాళీ చేయమని ఎవరైనా ఎప్పుడో ఒక పని షెడ్యూల్ చేసి మరిచిపోయి ఉండవచ్చు. ఫైలు పోయిందని తెలియగానే ఆ షెడ్యూల్‌ను ఆపడం, బిన్‌ను తెరిచి వెతకడం కంటే కూడా ముందు చేయవలసిన పని.

ఈ బిన్‌కు దొరకని తొలగింపులూ ఉన్నాయి. కమాండ్ లైన్‌లోకి వెళ్లి తొలగిస్తే అది సాంబా ద్వారా జరగదు కాబట్టి బిన్ దాకా రాదు. లినక్స్ కంప్యూటర్ల మధ్య వాడే ఎన్‌ఎఫ్‌ఎస్ దారిలో తొలగించినా అంతే. మరో సంగతి ఇంకా ముఖ్యం: పాత ఫైలు మీద అదే పేరుతో కొత్తది సేవ్ చేస్తే అది తొలగింపు లెక్కలోకి రాదు, కాబట్టి పాత రూపం బిన్‌లో ఉండదు. నెల జమాఖర్చుల ఎక్సెల్ షీట్ మీద ఖాళీ షీట్ సేవ్ అయిందంటే రీసైకిల్ బిన్ దగ్గర నిలబడి లాభం లేదు.

అలాంటప్పుడు ఆదుకునేది స్నాప్‌షాట్. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఉన్న పెట్టెలో ఒక ఫైలు మారితే కొత్త సమాచారాన్ని పాతదాని మీద రాయకుండా వేరే చోట రాసి, ఇక నుంచి చోటు ఇదీ అని గుర్తు మారుస్తుంది. స్నాప్‌షాట్ అంటే ఒకానొక నిమిషంలో ఉన్న ఆ గుర్తులన్నిటినీ పట్టి ఉంచడం. ఆ తర్వాత ఫైలును తొలగించినా, మార్చినా, స్నాప్‌షాట్ ఆ పాత బ్లాకులను (సమాచారం రాసి ఉన్న డిస్క్ మీది చిన్న చిన్న గడులను) వదలదు కాబట్టి వాటి మీద ఎవరూ రాయలేరు. స్నాప్‌షాట్ తీయడానికి క్షణాలు చాలు, తీసినప్పుడు స్థలమూ దాదాపు పట్టదు. తర్వాత మారిన మేరకే స్థలం ఖర్చవుతుంది. క్యూనాప్ తన మామూలు పెట్టెల్లో ఈ పనిని ఫైల్ సిస్టమ్‌కు కింది పొరలో చేస్తుంది కాబట్టి, పైన ఈఎక్స్‌టీ4 ఉన్నా స్నాప్‌షాట్లు సాధ్యమవుతాయి. స్నాప్‌షాట్లు ఉన్నాయో లేవో తెలుసుకోవడానికి నాస్ మెనూలోకే వెళ్లనక్కర లేకపోవచ్చు. సెట్టింగులు అనుకూలిస్తే విండోస్‌లోనే ఆ ఫోల్డర్ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వెర్షన్స్ అన్న పేజీ తెరిస్తే తేదీలవారీగా కనబడతాయి. అక్కడి నుంచి రీస్టోర్ నొక్కకండి. అది ఫోల్డర్ మొత్తాన్ని పాత తేదీకి తిప్పి, ఈ మధ్యలో మార్చిన ఫైళ్లను కూడా వెనక్కి లాగుతుంది. ఓపెన్ చేసి, కావలసిన ఫైలును మాత్రం బయటికి కాపీ చేసుకోవాలి.

ఒక్క షరతు ఉంది. స్నాప్‌షాట్ తీసే వేళకు ఫైలు నాస్‌లో ఉండి ఉండాలి. రాత్రి ఒకసారి తీసే ఏర్పాటు ఉంటే, మధ్యాహ్నం కెమెరా కార్డు నుంచి ఎక్కించి, కార్డు ఫార్మాట్ చేసి, సాయంత్రం పొరపాటున చెరిపేసిన ఫోటోలు దానికి తెలియవు. ఫోటోలు ఎక్కువగా తీసే ఇళ్లలో గంటకొకసారి తీయించడమే మంచిదని నా సలహా. ఈ సదుపాయాన్ని తయారీదారులు పెట్టె అమ్మేటప్పుడే ఆన్ చేసి ఇస్తే ఎన్ని కుటుంబాలు బాగుపడేవో!

బిన్‌లోనూ లేదు, స్నాప్‌షాటూ లేదు అనుకుందాం. నాస్ డిస్కుల జోలికి పోయే ముందు ఇంట్లోని మిగతా యంత్రాలను గుర్తు చేసుకోండి. నాస్‌తో సింక్ అయ్యే ల్యాప్‌టాప్ ఒకటి ఆ సమయంలో ఆఫ్ అయి ఉంటే, అందులో ఫైలు ఇంకా భద్రంగానే ఉంటుంది. దాన్ని ఆన్ చేసిన మరుక్షణం అది నాస్‌తో మాట్లాడి, అక్కడ తొలగించారట అని తన దగ్గరి నకలునూ తొలగిస్తుంది. అందుకని రౌటర్‌ను ఆపేసి, ల్యాప్‌టాప్‌కు ఇంటర్నెట్ లేకుండా చేసి, ఆ తర్వాతే ఆన్ చేయాలి. సినాలజీ డ్రైవ్ వాడేవారైతే అందులో ఒక్కో ఫైలుకు 32 దాకా పాత వెర్షన్లు దాచే వీలుంది, అదీ చూడాలి. గూగుల్ డ్రైవ్‌కు సింక్ చేస్తుంటే దాని ట్రాష్‌లో 30 రోజుల పాటు ఉంటుంది. బంధువులకు వాట్సాప్‌లో పంపిన ఫోటో నాణ్యత తగ్గినదే అయినా, ఏమీ లేకపోవడం కంటే మేలు.

ఇవేవీ లేనప్పుడు డిస్క్ మీది బ్లాకుల దాకా దిగాలి. దిగే ముందు, తొలగింపు అంటే అసలు ఏం జరుగుతుందో కొంచెం నిదానంగా చూద్దాం, ఎందుకంటే ఇక్కడి నుంచి మనం చేసే ప్రతి పనికీ కారణం అందులోనే ఉంది.

ఈఎక్స్‌టీ4లో ప్రతి ఫైలుకూ ఐనోడ్ అనే ఒక చిన్న రికార్డు ఉంటుంది. ఫైలు సైజు, తేదీలు, దాని సమాచారం డిస్క్ మీద ఏ బ్లాకు నుంచి ఏ బ్లాకు దాకా ఉందన్న వివరాలు అందులో ఉంటాయి. బ్లాకు సాధారణంగా 4 కేబీ. వరుసగా ఉన్న బ్లాకుల గుంపును ఒక్క పద్దుగా రాస్తుంది. ఒక్కో పద్దు 128 ఎంబీ దాకా చెప్పగలదు, అలాంటి పద్దులు 4 ఐనోడ్‌లోనే ఇముడుతాయి. ఫైలును తొలగించినప్పుడు ఫోల్డర్‌లోంచి పేరును తీసేస్తుంది, ఐనోడ్‌లోని ఆ పద్దులను తుడిచేస్తుంది, సైజును సున్నా చేస్తుంది, తొలగించిన సమయం వేస్తుంది, ఆ బ్లాకులు ఇక ఖాళీ అని తన లెక్కలో రాసుకుంటుంది. అసలు బ్లాకులను మాత్రం ముట్టుకోదు. అడంగల్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన పొలంలోని పంట మాయం కాదు. కొత్త పట్టాదారు వచ్చి నాగలి దించేదాకా అది అక్కడే ఉంటుంది.

ఆ నాగలి ఎప్పుడు దిగుతుందన్నదే మన సమస్య. నాస్ ఊరికే ఉన్నట్టు కనబడుతుంది గానీ ఊరికే ఉండదు. ఫోటోల యాప్ చిన్న బొమ్మలు తయారుచేసి పెట్టుకుంటూ ఉంటుంది. వీడియోల సర్వర్ తన జాబితా నవీకరించుకుంటూ ఉంటుంది. ఫోన్లు ఇంటి వైఫైలోకి రాగానే కొత్త ఫోటోలు ఎక్కిస్తాయి. మ్యాక్ ఉంటే గంట గంటకూ టైమ్ మెషీన్ బ్యాకప్ వచ్చి పడుతుంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది గేటు దగ్గరి సీసీ కెమెరా. దాని రికార్డింగు నాస్‌లోకి వచ్చే ఇళ్లలో రాత్రీపగలూ తెరిపి లేకుండా రాత సాగుతూనే ఉంటుంది. ఖాళీ అని రాసుకున్న బ్లాకులను వీటిలో దేనికి ముందు ఇస్తుందో మనం చెప్పలేం.

కాబట్టి మొదటి గంటలో చేయవలసిన పని, అన్నీ ఆపడం. పెద్ద ఫోల్డర్ తొలగింపు ఇంకా సాగుతుండగానే పొరపాటు తెలిస్తే వెంటనే క్యాన్సిల్ నొక్కండి. అది పని చేయకపోతే నెట్‌వర్క్ కేబుల్ లాగేయండి. విండోస్ నుంచి తొలగించేటప్పుడు ఆదేశాలు ఒక్కో ఫైలుకూ విడిగా వెళ్తాయి గనుక, తెంచిన చోట ఆగిపోతాయి, మిగిలినవి బతుకుతాయి. నాస్ సొంత ఫైల్ మేనేజర్ పేజీలోంచి తొలగిస్తే మాత్రం ఆ పని పెట్టెలోనే జరుగుతుంది, కేబుల్ లాగినా ఆగదు, అక్కడే ఆపాలి. ఆ తర్వాత కెమెరా రికార్డింగు, ఫోటోల యాప్, బ్యాకప్‌లు, డౌన్‌లోడ్లు అన్నీ నిలిపి, బిన్‌నూ స్నాప్‌షాట్లనూ చూసి, లేవని తేలితే మెనూ నుంచే సక్రమంగా షట్‌డౌన్ చేయాలి. రిపేర్ అని, ఇనిషియలైజ్ అని, రీసెట్ అని కనబడే ఏ బటనూ నొక్కకూడదు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను ఆ నాస్‌లోకే దించి ఇన్‌స్టాల్ చేసేవారు కూడా ఉంటారు. పోయిన ఫైలు మీద స్వయంగా రాసే మార్గం అంతకంటే సూటిగా మరొకటి లేదు.

ఇప్పుడు డిస్కులు బయటికి తీద్దాం. ఏ అరలో ఏ డిస్క్ ఉందో స్కెచ్ పెన్నుతో రాసుకుని, ఫోటో తీసుకుని, అప్పుడు తీయండి. వాటిని విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే, ఈ డిస్క్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి అంటుంది. వద్దనండి. విండోస్‌కు లినక్స్ ఫైల్ సిస్టమ్ చదవడం రాదు, అందుకే ఆ మాట అంటోంది. డిస్క్‌లో లోపమేమీ లేదు. ఉబుంటు వంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపితే ఆ రెయిడ్ పొరలను పెట్టె లేకుండానే కలపవచ్చు. సినాలజీ సంస్థ తన పెట్టెల డిస్కులను ఇలా చదివే పద్ధతిని స్వయంగా ప్రచురించింది, ఏ ఉబుంటు వెర్షన్ వాడాలో కూడా చెప్పింది, దాన్ని పాటించడం మంచిది.

కానీ అసలు డిస్కుల మీద నేరుగా పని చేయడం నాకు ఇష్టం లేని పని. ముందుగా ప్రతి డిస్క్‌కూ మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా నకలు తీయాలి. గ్నూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం ఇందుకు ప్రసిద్ధం. డిస్క్‌లో పాడైన చోట్లు ఉంటే వాటిని ముందు దాటేసి, బాగున్న భాగమంతా చదివేసి, ఆ తర్వాత తిరిగి వచ్చి మొండి చోట్లను ప్రయత్నిస్తుంది. 4 టీబీ డిస్క్‌కు నకలు తీయాలంటే కనీసం అంత ఖాళీ ఉన్న మరో డిస్క్ కావాలి, చాలా గంటలు పడుతుంది. ఖర్చే. అయినా ఈ మెట్టు దాటవేయకండి, ఎందుకంటే చదవడం మాత్రమే చేస్తున్నామనుకుని చేసే పని కూడా కొన్నిసార్లు రాస్తుంది. ఈఎక్స్‌టీ4ను చదవడానికి మాత్రమే అని చెప్పి మౌంట్ చేసినా (అంటే ఫైళ్లు కనబడేలా తెరిచినా), దాని జర్నల్‌లో పెండింగు పనులుంటే అది ముందు వాటిని పూర్తి చేస్తుంది. అలా చేయవద్దని విడిగా చెప్పాలి.

ఆ జర్నల్ గురించి ఒక మాట. ఈఎక్స్‌టీ4 తాను చేయబోయే మార్పులను ముందు జర్నల్‌లో రాసుకుని తర్వాత అమలు చేస్తుంది. అందువల్ల తొలగింపుకు ముందటి ఐనోడ్ నకలు ఒకటి అందులో మిగిలి ఉండే అవకాశముంది. ఎక్స్‌ట్‌అన్‌డిలీట్, ఈఎక్స్‌టీ4మ్యాజిక్ వంటి సాధనాలు ఆ నకళ్లనే వెతుకుతాయి. దొరికితే ఫైలు పేరుతో సహా పూర్తిగా రావచ్చు. జర్నల్ చాలా చిన్నది, నిండగానే మొదటికి వచ్చి తిరగరాస్తుంది, కాబట్టి పెట్టెను తొందరగా ఆపినవారికే ఈ భాగ్యం. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైళ్ల చోట్లన్నిటినీ ఒక చెట్టులా అమర్చుకుంటుంది; అందులో జర్నల్‌కు సమానమైనది ఆ చెట్టు పాత వేళ్లను (మొదళ్లను) పట్టుకోవడం: అది తన మొత్తం చెట్టుకు సంబంధించిన ఇటీవలి వేళ్ల చిరునామాలు నాలుగింటిని దాచుకుంటుంది, వాటి ద్వారా తొలగింపుకు ముందటి స్థితిని చదివే ప్రయత్నం చేయవచ్చు. అక్కడా కాలమే శత్రువు.

పద్దులేవీ దొరకకపోతే మిగిలేది, ఫైల్ సిస్టమ్‌ను పూర్తిగా పక్కన పెట్టి, డిస్క్ మొత్తం మీద ఫైళ్ల ఆకారాలను వెతకడం. జేపెగ్ ఫోటో ఎప్పుడూ ఎఫ్‌ఎఫ్, డీ8, ఎఫ్‌ఎఫ్ అనే మూడు బైట్లతో మొదలవుతుంది. పీడీఎఫ్ ఫైలు శాతం గుర్తూ, ఆ వెంటనే తన పేరులోని మూడక్షరాలతో మొదలవుతుంది. క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం ఇలాంటి ఆనవాళ్లతో 480కి పైగా రకాల ఫైళ్లను గుర్తుపడుతుంది. డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ తెర అందంగా ఉండవచ్చు, రెయిడ్ కలపడం సులువు చేయవచ్చు. బ్లాకులో లేనిదాన్ని అది కూడా తేలేదు.

ఈ పద్ధతి ఎంతవరకు పని చేస్తుందో చూపించిన పెద్ద ఉదంతం 2021 ఏప్రిల్‌లో జరిగింది. క్యూలాకర్ అనే దాడిలో ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన క్యూనాప్ పెట్టెల్లోకి దుండగులు చొరబడి, యజమానుల ఫైళ్లను పాస్‌వర్డ్ పెట్టిన 7జిప్ కట్టల్లోకి ఎక్కించి, అసలు ఫైళ్లను తొలగించి, విడిపించడానికి 0.01 బిట్‌కాయిన్ అడిగారు. పాస్‌వర్డ్‌ను ఛేదించడం అసాధ్యం. కానీ దుండగులు చేసింది మామూలు తొలగింపే. అసలు ఫైళ్ల బ్లాకులు చాలా పెట్టెల్లో ఇంకా మిగిలే ఉన్నాయి. బాధితులు ఫోటోరెక్‌తో వాటిని వెలికితీయడం మొదలుపెట్టారు, తర్వాత క్యూనాప్ సంస్థే ఫోటోరెక్‌ను ఆధారంగా చేసుకుని క్యూరెస్క్యూ అనే సాధనాన్ని విడుదల చేసింది. నాస్ సగం ఖాళీగా ఉన్నవారికి ఎక్కువ దక్కింది, నిండా ఉన్నవారి విషయంలో కొత్త కట్టలే పాత ఫైళ్ల మీద పడ్డాయి.

అదే ఏడాది జూన్ చివరి వారంలో వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ అనే పాత పెట్టెల యజమానులు చాలామంది నిద్ర లేచి చూసేసరికి వారి పెట్టెలు ఫ్యాక్టరీ రీసెట్ అయి, ఖాళీగా ఉన్నాయి. 2015 తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అందని ఆ పెట్టెలను బయటివారు లోపాల ద్వారా రీసెట్ చేశారు. సంస్థ ముందు చెప్పిన మాట, పెట్టెను ఇంటర్నెట్ నుంచి తీసేయమని. తర్వాత డేటా రికవరీ సేవ కూడా ఇచ్చింది. వాటిలో కొన్నిటి నుంచి ఫోటోరెక్ ద్వారా ఫైళ్లు వచ్చాయి. ఆ పెట్టెతో ఒక విచిత్రం: అందులో బ్లాకు సైజు 4 కేబీకి బదులు 64 కేబీ. మామూలు పీసీలోని లినక్స్ అంత పెద్ద బ్లాకును మౌంట్ చేయలేకపోయేది, దాంతో డిస్క్ పూర్తిగా పోయిందని కొందరు నిరాశపడ్డారు. ఫోటోరెక్‌కు ఆ తేడా అడ్డు కాలేదు, అది మౌంట్ చేయమని అడగదు గనుక.

ఈ దారిలో వచ్చే ఫైళ్లకు పేర్లు ఉండవు, ఫోల్డర్లు ఉండవు. ఎఫ్ అక్షరం, తర్వాత ఒక పొడుగాటి అంకె; వేల ఫైళ్లు అలా వరుసగా వచ్చి పడతాయి. వాటిలో మీరు ఎప్పుడో కావాలనే తీసేసిన చెత్త ఫోటోలూ, బ్రౌజర్ దాచిన చిన్న బొమ్మలూ ఉంటాయి. కెమెరా ఫోటో లోపలే తీసిన తేదీ, కెమెరా పేరు ఉంటాయి కాబట్టి ఎగ్జిఫ్‌టూల్ వంటి సాధనంతో తేదీలవారీగా సర్దుకోవచ్చు. వీడియోల సంగతి కష్టం. ఎంపీ4 ఫైలులో ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే సూచిక చాలాసార్లు చివర్లో ఉంటుంది. ఫైలు రెండు ముక్కలుగా డిస్క్ మీద చెదిరి ఉంటే మొదటి ముక్క దొరికినా సూచిక దొరకక అది ఆడదు. అలాగే రెయిడ్ 5లో ఒక ఫైలును చిన్న చిన్న ముక్కలుగా అన్ని డిస్కుల మీదా పరుస్తారు కాబట్టి ఒకే డిస్క్ మీద ఫోటోరెక్ నడిపితే చిన్న బొమ్మలు తప్ప పూర్తి ఫోటోలు రావు. ముందు డిస్కులన్నీ కలిపి, కలిపినదాని మీద నడపాలి. డిస్కులు ఒకదానికి ఒకటి నకలుగా ఉండే రెయిడ్ 1లో అయితే ఒక్క డిస్క్ చాలు. ఎన్‌క్రిప్ట్ చేసిన షేర్డ్ ఫోల్డర్‌లోని ఫైళ్ల బ్లాకుల్లో ఆ మూడు బైట్ల ఆనవాళ్లు కూడా గుప్తమై ఉంటాయి కాబట్టి, వాటి విషయంలో ఈ పద్ధతి మీద ఆశ పెట్టుకోవద్దు.

నేను చెప్పదలచిన విషయం ఇంతవరకు. ఇక మీ ప్రశ్నలు.

సభికురాలు: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడండీ. ఇంట్లో నాస్ పెట్టి వాడే వెళ్లాడు. అక్కడి నుంచి ఫోన్ యాప్‌లో ఫోటోలు చూస్తూ ఒక ఆల్బమ్ తీసేశాడట. ఇక్కడ మేం ఏం చేయాలి?

వక్త: అమ్మా, ముందు నాస్‌ను తీసేయాలన్న తొందర వద్దు. అబ్బాయినే అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో లోపలికి వెళ్లి రీసైకిల్ ఫోల్డర్, స్నాప్‌షాట్లు చూడమనండి. అవి అక్కడి నుంచి కూడా కనబడతాయి. ఆ లోగా మీ ఫోన్ల నుంచి ఫోటోలు నాస్‌లోకి ఎక్కకుండా ఆపండి. ఏమీ లేదని వాడు చెబితే, వాడే షట్‌డౌన్ చేస్తాడు, మీరు మళ్లీ ఆన్ చేయకుండా చూడండి. తర్వాత ఒక మార్పు చేయించండి: ఇంట్లో చూడటానికి మాత్రమే వాడేవారికి, వాడి ఫోన్ యాప్‌కు కూడా, చదివే అనుమతి మాత్రమే ఉన్న వేరే ఖాతా ఇవ్వాలి. అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో రోజూ ఫోటోలు చూడకూడదు.

సభికుడు: మా దాంట్లో హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేశాం. అదే పద్ధతా?

వక్త: పై రెండు మెట్లు, అంటే బిన్, స్నాప్‌షాట్ వరకు అదే పద్ధతి. కింది మెట్లు చాలావరకు ఉండవు. ఎస్‌ఎస్‌డీకి ట్రిమ్ అనే ఆదేశం ఒకటుంది. ఫలానా బ్లాకులు ఇక నాకు అక్కర లేదు అని ఫైల్ సిస్టమ్ చెబుతుంది, ఆ తర్వాత చదివితే సాధారణంగా సున్నాలే వస్తాయి. నాస్‌లో ఈ ట్రిమ్ షెడ్యూల్ ప్రకారం నడుస్తుంటే, అది తర్వాతిసారి నడిచేలోపు ఆపగలిగితే అవకాశం ఉంది. వెంటనే ఆ షెడ్యూల్ ఆపండి. హార్డ్ డిస్కులే ఉండి, ఎస్‌ఎస్‌డీని క్యాష్‌గా (వేగం కోసం సమాచారాన్ని తాత్కాలికంగా ఉంచే చోటుగా) మాత్రం పెట్టుకున్నవారు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి: రాతలకు కూడా వాడే క్యాష్ అయితే, దాంట్లో ఉన్నది హార్డ్ డిస్కులకు చేరక ముందు దాన్ని లాగితే మొత్తం వాల్యూమ్, అంటే డిస్కులన్నీ కలిసిన నిల్వ అంతా, దెబ్బతినవచ్చు.

సభికుడు: మాస్టారూ, రికవరీ ల్యాబ్ వాళ్లు వంద శాతం తెస్తామంటున్నారు. నమ్మొచ్చా?

వక్త: డిస్క్ చూడకముందే వంద శాతం అన్నవారిని నేను నమ్మను. డిస్క్ టకటకమని శబ్దం చేస్తుంటే, అస్సలు తిరగకపోతే మాత్రం ఇంట్లో ప్రయత్నాలు మానేసి ల్యాబ్‌కే ఇవ్వాలి. లోపలి భాగాలు మార్చే పని దుమ్ము లేని గదిలో జరగాలి. వట్టి తొలగింపే అయితే ల్యాబ్ వారు చేసేదీ ఇప్పుడు నేను చెప్పినదే, మరింత అనుభవంతో. డిస్కులు ఇచ్చేటప్పుడు అర నంబర్లు, నాస్ మోడల్, రెయిడ్ రకం, ఫైల్ సిస్టమ్, తొలగించిన తేదీ, ఆ తర్వాత మీరు చేసిన పనులన్నీ దాచకుండా రాసివ్వండి. అసలు డిస్కుల మీద కాక నకళ్ల మీద పని చేస్తారా అని అడగండి. డబ్బు పూర్తిగా కట్టే ముందు దొరికిన ఫైళ్ల జాబితా చూపించమనండి, జాబితాతోనే సరిపెట్టుకోకండి. జర్నల్ నుంచి పేరు, సైజు సరిగ్గా వచ్చి, లోపల వేరే ఫైలు సమాచారం ఉండే సందర్భాలున్నాయి. మీకు ముఖ్యమైన ఫైళ్ల పేర్లు కొన్ని మీరే చెప్పి, వాటిని మీ ఎదుట తెరిపించండి, వీడియో అయితే చివరి నిమిషం దాకా ఆడించి చూడండి.